తీసేసిండు సరే... ఎందుకు?

2025 మార్చి 21, పదో తరగతి పరీక్షల తొలిరోజు. నకిరేకల్‌లోని గురుకుల పరీక్షా కేంద్రం నుంచి తెలుగు ప్రశ్నపత్రం ఫొటో బయటికొచ్చి వాట్సాప్‌లో చక్కర్లు కొట్టింది. కేసులు, అరెస్టులు, సిబ్బందిపై వేటు చకచకా జరిగిపోయాయి. ఎవరి పేపరును ఫొటో తీశారో ఆ అమ్మాయిని డిబార్ చేశారు. కిటికీ దగ్గరికొచ్చి బెదిరిస్తే చూపించానని ఆమె మొత్తుకుంది. ఆ గోడు జనానికి తెలిసేసరికే శిక్ష పడిపోయింది.

ముందు వేటు, ఆ తర్వాతే మాట. ఫోన్లలోని మన గ్రూపులూ ఇదే పద్ధతిలో నడుస్తున్నాయి. వార్డు గ్రూపు, నిమ్మకాయల ధర చెప్పుకొనే రైతుల గ్రూపు, టెన్త్ బ్యాచ్ గ్రూపు... ఏదైనా అడ్మిన్ చెప్పిందే చట్టం. సీసీ రోడ్డు సగంలో ఎందుకు ఆగిందని ఒకరు అడుగుతారు. ‘రాజకీయాలొద్దు’ అంటూ మెసేజ్ మాయం! కాసేపటికి అక్కడే ఓ నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీలు వరస కడతాయి. అవి రాజకీయం కాదు కాబోలు. ‘ఇదేం పద్ధతన్నా?’ అన్నవాడు గ్రూపులోనే ఉండడు. ఏమైందంటే, ‘అడ్మిన్ తీసేసిండు’. అంతే.

ఎవరి మెసేజ్‌నైనా తొలగించే వీలును వాట్సాప్ 2022లో అడ్మిన్లకిచ్చింది. తొలగించాక అక్కడ ఫలానా అడ్మిన్ డిలీట్ చేశారన్న ఒక్క వరుస మిగులుతుంది. ఎందుకు చేశారన్నది రాయడానికి గడే లేదు.

అడ్మిన్లవైపు నుంచీ చూడాలి. జీతం లేని కొలువు. పైగా ఎవరో పెట్టిన చెత్తకు తామెక్కడ ఠాణా మెట్లెక్కాలోనన్న భయం. గోందియాలో ఒక సభ్యుడు మహిళను దూషిస్తే, అతణ్ని తొలగించలేదని అడ్మిన్‌పై కేసు పెట్టారు. ఇద్దరి ఉద్దేశం ఒకటేనని తేలితే తప్ప సభ్యుడి తప్పుకు అడ్మిన్ బాధ్యుడు కాడని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచ్ ఆ కేసు కొట్టేసింది. మరుసటి ఏడాది కేరళ హైకోర్టూ అదే దారి పట్టింది. కాబట్టి ‘నా మీదికొస్తది’ అన్న సాకుతో ప్రతి ప్రశ్ననూ చెరిపేయాల్సిన పనిలేదు.

పెద్ద కంపెనీలకైతే జవాబుదారీ ఉంది. 2021 ఐటీ నిబంధనల ప్రకారం, 50 లక్షలకు పైగా వినియోగదారులున్న సామాజిక మాధ్యమ సంస్థ తనంతట తాను ఒక పోస్టు తీసేస్తే, అది పెట్టినవారికి కారణం చెప్పాలి, వాదించుకునే అవకాశమివ్వాలి. ఫిర్యాదు అధికారి తీర్పు నచ్చకపోతే 30 రోజుల్లో కేంద్రం నియమించిన అప్పీలు కమిటీకి వెళ్లొచ్చు. రెండు వందల మంది గ్రూపు నడిపే మన అన్నకు ఆ నిబంధనలేవీ వర్తించవు. వర్తించాలని నేనూ అనను. ఊరి గ్రూపుకు ఢిల్లీ కమిటీ దేనికి?

ఢిల్లీ దాకా పోకుండానే, తెలుగులోనే ఒక నమూనా ఉంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో నిర్వాహకులను తోటి వాడుకరులు చర్చించి, ఓటేసి ఎన్నుకుంటారు. ఏ పేజీని ఎవరు, ఎప్పుడు తొలగించారో, ఎవరిపై ఎన్నాళ్లు నిరోధం పెట్టారో, ఏ కారణమని రాశారో చిట్టాలో ఎవరైనా చూడొచ్చు. అభ్యంతరముంటే ‘రచ్చబండ’ పేజీలో నిలదీయొచ్చు. అక్కడ గొడవలు లేవని కాదు, బోలెడు. కానీ అవి పదిమంది కళ్లముందే జరుగుతాయి.

నకిరేకల్ అడ్మిన్లకు ఒక విన్నపం. ఏది పెట్టొచ్చో, ఏది కూడదో గ్రూపు వివరణలో నాలుగు ముక్కల్లో రాయండి. ఫ్లెక్సీకీ రోడ్డుకూ ఒకే నిబంధన పెట్టండి. ఒకే పార్టీవాళ్లు కాకుండా ఇద్దరు ముగ్గురిని అడ్మిన్లను చేయండి. ఎవరినైనా తీసేసేముందు ఒక్కసారి ఫోన్ చేసి, ఎందుకో చెప్పి, వాళ్లేమంటారో వినండి.