శిల్పి రోడిన్

చక్కని విగ్రహమును చూచినపుడు "ప్రాణమున్నట్లే యున్నది" అని మనము మెచ్చుకొందుము. శిల్పికి ఇంతకు మించిన ప్రశంస లేదు. కాని ఫ్రాన్సు దేశమున ఒక శిల్పికి ఈ ప్రశంసయే నిందగా పరిణమించెను. అతడు అగస్ట్ రోడిన్.

రోడిన్ 1840వ సంవత్సరము నవంబరు 12వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి పోలీసు శాఖలో చిన్న గుమాస్తా. బాలునకు చదువు అంతగా అబ్బలేదు. చిత్రలేఖనమందు మాత్రము మిక్కిలి ఆసక్తి. పదునాలుగవ యేట ఒక చిత్రకళా పాఠశాలలో చేరెను. పిమ్మట ప్రసిద్ధమైన లలితకళా విద్యాలయమున ప్రవేశమునకై మూడుమార్లు పరీక్షకు పోయి, మూడుమార్లును తప్పెను. గత్యంతరము లేక ఇతర శిల్పుల కడ కూలికి కుదిరి, భవనములకు వలసిన లతలను, పూవులను, బొమ్మలను చేయుచు ఇంచుమించు ఇరువది యేండ్లు గడపెను.

తీరిక దొరికినపుడు మాత్రమే సొంతపని. ఒక శీతకాలమున అతడు ముక్కు విరిగిన ఒక బీదవాని తలను మట్టితో మలచెను. చలికి మట్టి గడ్డకట్టి, తల వెనుక భాగము విరిగిపడెను. మిగిలిన ముఖమునే 1865లో పారిస్ ప్రదర్శనమునకు పంపగా, వారు దానిని త్రోసిపుచ్చిరి.

విగ్రహము నెట్లు చేయుదురో ఇచట కొంత తెలిసికొనవలెను. శిల్పి మొదట బంకమట్టితో రూపమును తీర్చును. దానిపై ప్లాస్టరు పూసి అచ్చు తీయుదురు. ఆ అచ్చునుండి ప్లాస్టరు విగ్రహమును చేసి, దానిని బట్టి కంచు పోత పోయుదురు. మట్టియందు శిల్పి వ్రేళ్లు చూపిన నేర్పే కంచునందు శాశ్వతముగ నిలుచును. అయితే మట్టితో పనిలేకుండ, సజీవుడైన మనుష్యుని దేహముపైననే ప్లాస్టరు పూసి అచ్చు తీయుటయు సాధ్యమే. అట్లు చేసి, అది తన శిల్పమని చెప్పుకొనుట దొంగతనముతో సమానము.

రోడిన్ ఒక బెల్జియం సైనికుని ఎదుట నిలుపుకొని, ఏడాదిన్నర శ్రమించి, అప్పుడే మేల్కొనుచున్నట్లున్న యువకుని విగ్రహమును నిర్మించెను. దానికి 'కంచుయుగము' అని పేరు. 1877లో పారిస్‌లో దానిని చూచినవారు, ఇది చేతిపని కాదనియు, మనిషిపై తీసిన అచ్చేయనియు అనుమానించిరి. ఆ సైనికుని ఛాయాచిత్రములను తీయించి చూపినను ప్రయోజనము లేకపోయెను. కడకు అతని నేర్పు నెరిగిన తోటి శిల్పులు సాక్ష్యమీయగా, 1880లో ప్రభుత్వమే ఆ విగ్రహమును కొనెను. ఈలోగా రోడిన్ పనితోనే బదులు చెప్పెను. బాప్తిస్మమిచ్చు యోహాను విగ్రహమును మనుష్య ప్రమాణముకంటె పెద్దదిగా చేసెను. అంతటి దేహము గలవాడే లేనపుడు అచ్చు తీయుట యెట్లు?

తరువాత కాలే పట్టణమువారు తమ పూర్వుల విగ్రహములను కోరిరి. 1347లో ఇంగ్లండు రాజు మూడవ ఎడ్వర్డు ఆ పట్టణమును ముట్టడించి లొంగదీసెను. ప్రజలను విడువవలెనన్న ఆరుగురు పెద్దలు మెడలకు ఉరిత్రాళ్లతో, పట్టణపు తాళపుచెవులతో తన కడకు రావలెనని శాసించెను. ఆరుగురు ముందుకు వచ్చిరి. రాణి వేడుకొనుటచే వారి ప్రాణములు దక్కెను. రోడిన్ వారిని గర్వముతో నిలిచిన వీరులుగ చూపలేదు. ఒకడు తల పట్టుకొనియున్నాడు. ఒక వృద్ధుడు తల వంచి నడచుచున్నాడు. మరియొకడు పెదవులు బిగించి, తాళపుచెవిని గట్టిగ పట్టుకొనియున్నాడు. భయపడుచునే మృత్యువున కెదురుగ నడచిన ధైర్యమది. ఆ విగ్రహములు 1895లో కాలేలో నెలకొన్నవి.

1891లో రచయితల సంఘమొకటి, 1850లో మరణించిన నవలాకారుడు బాల్జాక్ విగ్రహమును చేయుమని రోడిన్‌ను కోరెను. అతడు బాల్జాక్ పుట్టిన సీమకు పోయి, ఆ పోలిక గల ముఖములను వెదకెను. ఆయన కొలతలతో దుస్తులు కుట్టించి చూచెను. ఏడేండ్లు గడచెను. 1898లో ప్రదర్శించిన విగ్రహమున కనిపించినవి రెండే: నిలువెల్ల కప్పిన అంగీ, దానిపై ఎత్తిన శిరస్సు. పోలిక లేదని సంఘము దానిని నిరాకరించెను. రోడిన్ సొమ్ము తిరిగి యిచ్చివేసి, విగ్రహమును ఇంటికి తెచ్చుకొనెను.

ఒకనాడు పోలిక ఎక్కువైనదని నింద. మరియొకనాడు పోలికయే లేదని నింద. రోడిన్ ఆశయము మాత్రము రెండింటను ఒకటియే. దేహమును ఉన్నదున్నట్లు దించుట అతనికి గమ్యము కాదు. లోపలి జీవము వెలికి కనిపింపవలెను. యువకునియందు అది కండల కదలికలో నున్నది. రాత్రులు మేల్కొని వ్రాసిన రచయితయందు అది శిరస్సున నున్నది. ఈ జీవకళనే అతడు మన శిల్పములందును గుర్తించెను. మద్రాసు మ్యూజియములోని నటరాజ విగ్రహముల ఛాయాచిత్రములను చూచి ముగ్ధుడై, 1913లో వానిపై ఒక వ్యాసము వ్రాసెను.

1916లో తన శిల్పములను దేశమునకు అర్పించి, 1917 నవంబరు 17వ తేదీన రోడిన్ కన్నుమూసెను. ప్రవేశపరీక్షలో మూడుమార్లు తప్పినవాని పేర 1919లో పారిస్‌లోనే మ్యూజియము వెలసినది. సంఘము వలదన్న బాల్జాక్ విగ్రహమును 1939లో కంచున పోతపోసి ఆ నగరపు వీధిలో నిలిపిరి. చలికి విరిగిన ఆ బీదవాని ముఖమును నేడు ఆ మ్యూజియమున చూడవచ్చును.