బుల్లెట్ ఊపిరి

పొగ వదలడానికి సైలెన్సర్ ఉంది కదా మాస్టారూ, మరి ఈ రెండో గొట్టం ఎందుకు?

బడి ఆవరణలో నా బండి పక్కన గొంతుక్కూర్చుని తొమ్మిదో తరగతి కుర్రాడు అడిగిన ప్రశ్న ఇది. వాడి వేలు చూపిస్తున్నది బుల్లెట్ క్రాంక్ కేసు మీంచి బయలుదేరిన నల్లటి రబ్బరు గొట్టాన్ని. మెకానిక్కులు దాన్ని బ్రీదర్ పైపు అంటారు. ఆ పూట గొట్టం చివర నుంచి ఆయిలు బొట్లుబొట్లుగా కారుతోంది. వాడికి వెంటనే ఒక జవాబు చెప్పాను గానీ, అది నాకే చాల్లేదు. అప్పటికి రెండు నెలలుగా ఆ గొట్టంతోనే నా గొడవ.

నాది పాత 350. సిలిండర్ అరిగితే బోర్ కొట్టించి ఓవర్‌సైజు పిస్టన్ వేయించాను. ఘాట్ ఎక్కేటప్పుడు బలం చాలాలని కార్బురేటర్ కూడా పెద్దది పెట్టించాను. శృంగవరపుకోటలో ఉండేవాడికి బండంటే అరకు దారి ఎక్కాల్సిందే. బొడ్డవర దాటి కొండ మొదలయ్యాక, రెండో గేర్లో గట్టిగా లాగిస్తే అనంతగిరి చేరేలోపు నా ఎడమ బూటు, చెయిన్, వెనక టైరు అంచు అన్నీ ఆయిలే. వంపుల్లో టైరు ఆయిలుమయం కావడం ఎంత ప్రమాదమో ఆ దారిలో తిరిగేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

‘ఏటి మేస్టారూ, బండి ఆయిలు కక్కేస్తందా?’ అన్నాడు ఒక మెకానిక్కు. గొట్టంలో ఒక బోల్టు బిగించి, క్లిప్పు వేసి పంపించాడు. మర్నాడు కొండ సగం ఎక్కానో లేదో, టాపెట్ మూత అంచు నుంచి, గేర్ల వైపు సీలు నుంచి, ఇంకెక్కడెక్కడి నుంచో ఆయిలు ఉబికింది. దారి మూస్తే అది వేరే దారి చూసుకుంది. ఆ రోజు అర్థమైంది, కారుతున్నది ఆయిలే అయినా జబ్బు ఆయిలుది కాదు, ఊపిరిది.

లెక్క చూడండి. బుల్లెట్ 350 బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. పిస్టన్ ఒకసారి కిందికి దిగితే సుమారు 346 ఘన సెంటీమీటర్ల చోటును ఆక్రమిస్తుంది. పైన జరిగేదంతా మనకు పాఠాల్లో ఉంది: పీల్చడం, నొక్కడం, మండడం, వదలడం. పిస్టన్ కింద ఏం జరుగుతుందో ఏ పాఠమూ చెప్పదు. కింద ఉన్నది ఖాళీ గది కాదు. అందులో క్రాంకు తిరుగుతోంది, ఆయిలు తుంపరలుగా ఎగురుతోంది, మిగిలినదంతా గాలి. పిస్టన్ దిగిన ప్రతిసారీ ఆ గాలి నలుగుతుంది. ఎక్కిన ప్రతిసారీ సాగుతుంది. నిమిషానికి 3000 చుట్లంటే సెకనుకు 50. అంటే సెకనుకు 17 లీటర్ల గాలి అటూ ఇటూ ఊగుతోంది. నిండు బిందెడు గాలి, ఒక్క సెకనులో!

ఆ గదికి మామూలు రంధ్రం పెడితే? పిస్టన్ దిగినప్పుడు గాలి ఆయిలు తుంపరను వెంటేసుకుని బయటికి దూకుతుంది. ఎక్కినప్పుడు రోడ్డు మీది దుమ్మునూ వానలో నీటినీ లోపలికి పీలుస్తుంది. రంధ్రం మూసేస్తే ఏమవుతుందో బోల్టు చెప్పనే చెప్పింది. ఎందుకంటే అక్కడ చిక్కుకున్నది మొదటి నుంచీ ఉన్న గాలి మాత్రమే కాదు. పిస్టన్ రింగులు ఎంత బాగా కూర్చున్నా, ప్రతి రింగుకూ వెంట్రుకంత సందు ఉంటుంది. ఉండాలి కూడా, లేకపోతే వేడికి సాగి పట్టేస్తుంది. పైన మండుతున్న గ్యాసు ఆ సందుల్లోంచి కొద్దికొద్దిగా కిందికి జారుతూనే ఉంటుంది. బోరు అరిగితే ఎక్కువగా, కొత్త రింగులు ఇంకా కుదురుకోకపోతే మరీ ఎక్కువగా. మూసిన గదిలో అది పేరుకుని, ఎక్కడ సీలు బలహీనంగా ఉంటే అక్కడ తోసుకొస్తుంది.

ఇక్కడ బుల్లెట్ చేసిన పని నాకు ప్రాణం. గొట్టం చివర ఒక చిన్న రబ్బరు ముక్క. బాతు ముక్కు ఆకారం, రెండు పెదవులు. లోపలి నుంచి ఒత్తిడి వస్తే పెదవులు విడిపోయి గాలిని వదులుతాయి. లోపల వెలితి ఏర్పడితే బయటి గాలే వాటిని నొక్కి మూసేస్తుంది. స్ప్రింగు లేదు, గేరు లేదు. మా చిన్నప్పుడు కమ్మరి కొలిమి తిత్తిలో తోలు రేకు ఉండేది. తిత్తి లేపితే గాలి లోపలికి రానిచ్చేది, నొక్కితే వెనక్కి పోనిచ్చేది కాదు. అదే సూత్రం, దిక్కు మాత్రం తిరగబడింది. మన గుండెలో కవాటాలు చేసే పనీ ఇదే.

దీని అసలు గొప్పతనం మొదటి కొన్ని చుట్ల తర్వాత బయటపడుతుంది. బండి స్టార్టు చేయగానే పిస్టన్ దిగి, కింది గాలిలో కొంత బయటికి పోతుంది. ఎక్కేటప్పుడు వాల్వు మూసుకుంటుంది, కొత్త గాలి రాదు. ఇలా రెండు మూడు సార్లు జరిగేసరికి, పిస్టన్ అడుక్కి చేరిన క్షణంలో లోపలి ఒత్తిడి బయటి గాలితో సమానం, పైకి చేరిన క్షణంలో దానికంటే బాగా తక్కువ. పిస్టన్ అడుగున ఉన్నప్పుడు కింద లీటరు చోటు ఉందనుకుందాం. పైకి వెళ్లేసరికి అదే గాలి 1.346 లీటర్లకు సాగుతుంది, ఒత్తిడి దాదాపు ముప్పావు వంతుకు పడిపోతుంది. అంటే చుట్టులో ఎక్కువ సేపు గది లోపల వెలితే. సీళ్ల దగ్గర ఆయిలు బయటికి కారాలనుకున్నా, బయటి గాలి దాన్ని లోపలికే నెడుతూ ఉంటుంది. ఇక వాల్వు గుండా వెళ్లేది బిందెడు గాలి కాదు, రింగుల్ని దాటి జారిన కొద్దిపాటి గ్యాసు మాత్రమే. ప్రవాహం తగ్గితే వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే తుంపర గాలితో ఎగరలేక కిందికి రాలిపోతుంది. వేలెడు రబ్బరు ముక్క ఇన్ని పనులు చేస్తుంది.

ఇంగ్లండులో ట్రయంఫ్ వాళ్లు ఇదే చిక్కును వేరే విధంగా విప్పారు. వాళ్ల జంట సిలిండర్ల బండిలో రెండు పిస్టన్లూ కలిసి ఎక్కి కలిసి దిగుతాయి, కాబట్టి కింది గాలి పోటు ఇంకా ఎక్కువ. వాళ్లు ఇన్‌లెట్ కామ్‌షాఫ్టు చివర రంధ్రాలున్న చిన్న బిళ్ల పెట్టారు. పిస్టన్లు దిగే వేళకు రంధ్రం గొట్టానికి ఎదురుగా వస్తుంది, ఎక్కే వేళకు పక్కకు తప్పుకుంటుంది. కామ్‌షాఫ్టు క్రాంకులో సగం వేగంతోనే తిరుగుతుంది గనుక, ఒక చుట్టులో రెండుసార్లు తెరవాలి. గడియారం పనిలా అందంగా ఉంటుంది. కానీ బిళ్లకు తెలిసింది సమయం ఒక్కటే, లోపలి ఒత్తిడి ఎంతో దానికి తెలీదు. రబ్బరు పెదవికి సమయంతో పని లేదు, ఒత్తిడి వస్తే తెరుచుకుంటుంది, అంతే. నా ఓటు రబ్బరుకే. ట్రయంఫ్ కూడా 1970 నాటికి ఆ బిళ్లను వదిలేసి, గాలిని ప్రైమరీ చెయిన్ పెట్టెలోకి మూడు చిన్న రంధ్రాల గుండా పంపించింది.

మరి నా బండి ఎందుకు కక్కింది? మూడు కారణాలు దొరికాయి. ఒకటి, రబ్బరు ఎండకూ వేడికీ బిరుసెక్కి పెదవులు తెరుచుకునే ఉండిపోయాయి. రెండు, ఓవర్‌సైజు పిస్టన్ రింగులు ఇంకా కుదురుకోలేదు. మూడోది కనిపెట్టడానికి కష్టపడ్డాను. బుల్లెట్ ఆయిలు ట్యాంకు విడిగా ఉండదు, క్రాంక్ కేసు పోతలోనే వెనక భాగం. ఒక పంపు అక్కడి నుంచి ఆయిలును ఇంజినుకు తోడుతుంది, రెండోది కింద పడ్డదాన్ని ట్యాంకులోకి తిరిగి తోడుతుంది. బండిని వారాల తరబడి నిలిపేస్తే ఆయిలు పంపులోంచి మెల్లగా జారి క్రాంకు కిందికి చేరుతుంది. స్టార్టు చేసిన వెంటనే క్రాంకు ఆ మడుగును చిలుకుతుంది, గొట్టం కక్కుతుంది. నేను డిప్‌స్టిక్ చూసి తగ్గిందనుకుని ఇంకా పోసేవాణ్ణి. ఆయిలు తక్కువైతే ఇంజిన్ పోతుందన్న భయంతో మనం చేసే తప్పు ఇది. చూడాల్సింది బండి కాసేపు నడిచి, కింది ఆయిలు ట్యాంకులోకి తిరిగి చేరాక.

ఈ గొడవంతా తెలిసి, కెనడాలో ఉద్యోగం చేస్తున్న మా పాత విద్యార్థి ఒకడు తన మంచుబండి (స్నోమొబైల్) సంగతి రాశాడు. యమహా 2003 మోడలుగా తెచ్చిన ఆర్ఎక్స్-1, తమ ఆర్1 మోటార్ సైకిల్ వారసత్వంతో చేసిన నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్. వాడు దానికి టర్బో బిగించాడు. బిగించాక ఎయిర్ బాక్సు నిండా ఆయిలు. అంతకు ముందు మంచుబండ్లకు ఈ సమస్య పెద్దగా లేదు. క్యూబెక్‌లో జోసెఫ్ ఆర్మండ్ బొంబార్డియర్ 1959లో స్కీ-డూ తెచ్చాడు, తొలి ఏళ్లు దాటాక అవి ఎక్కువగా టూ స్ట్రోకులే. టూ స్ట్రోక్‌లో, మన ఆర్ఎక్స్ 100లో లాగా, క్రాంక్ కేసే పంపు. పెట్రోలు మిశ్రమాన్ని పీల్చి పైకి తోసేది అదే, దానికి ఊపిరి గొట్టం పెడితే ఇంజినే నడవదు. ఫోర్ స్ట్రోక్ వచ్చాక ఈ జబ్బు కూడా వచ్చింది.

నాలుగు సిలిండర్లలో రెండు దిగితే రెండు ఎక్కుతాయి, కాబట్టి కింది గాలి పరిమాణం పెద్దగా మారదు. బుల్లెట్ ఉబ్బసం అక్కడ లేదు. కానీ టర్బో పైన ఒత్తిడి పెంచితే, రింగుల్ని దాటే గ్యాసు కూడా పెరుగుతుంది. ఆర్ఎక్స్-1 ఆయిలు విడి ట్యాంకులో ఉంటుంది. అక్కడికి ఆయిలును చేర్చే పంపు, ఆయిలుతో పాటు గాలినీ తోడుతుంది, నురగ వస్తుంది. ముక్కు పైకెత్తి మంచుకొండ ఎక్కేటప్పుడు ఆ నురగ గొట్టం మూతి దాకా చేరుతుంది. పైగా చలి. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. అందులో కొంత రింగుల్ని దాటి కిందికి వస్తుంది. సున్నాకు దిగువన ఆ ఆవిరి గొట్టంలో మంచై పేరుకుంటే, ఊపిరి మూసుకుపోయి సీళ్లు పగులుతాయి. నా బండికి బోల్టు చేసిన పనే అక్కడ చలి చేస్తుంది. వాడు లావుపాటి గొట్టం వేసి, మధ్యలో ఆయిలు పట్టే డబ్బా పెట్టి, గొట్టాన్ని ఇంజిన్ వేడి తగిలే చోటుకు మళ్లించి, ట్యాంకు మట్టం కొంచెం తగ్గించాడు. డబ్బా లోపల స్టీలు పీచు ఉంటుంది. లావు గొట్టంలో గాలి మెల్లగా పోతుంది, పీచుకు తగిలి తుంపర బొట్టవుతుంది. మళ్లీ అదే వేగం లెక్క.

కార్ల కథ త్వరగా ముగిస్తాను. ఒకప్పుడు ఈ గ్యాసును కారు కిందికి ఏటవాలుగా కోసిన గొట్టం గుండా రోడ్డు మీదికి వదిలేవారు. లాస్ ఏంజెలిస్ పొగమంచును ఆరీ హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త విడమరిచాక, కారు వదిలే మండని పెట్రోలు ఆవిరిలో సుమారు ఐదో వంతు ఈ గొట్టం నుంచే అని తేలింది. 1961 నుంచి కాలిఫోర్నియా కార్లకు పీసీవీ వాల్వు వచ్చింది. ఇంజినే తన ఊపిరిని మళ్లీ పీల్చుకుని కాల్చేస్తుంది. మన రైల్వేలో ఆల్కో డీజిల్ ఇంజిన్లకైతే క్రాంక్ కేసులోంచి గాలి లాగడానికి ప్రత్యేకంగా ఒక మోటారే ఉంది. నేటి బుల్లెట్లూ ఊపిరిని గాలి పెట్టెలోకే పంపిస్తాయి, రోడ్డు మీదికి కాదు.

నా బండికి ఇప్పుడు కొత్త బాతు ముక్కు, చిన్న డబ్బా ఉన్నాయి. నెలకోసారి డబ్బాలో రెండు చెంచాల గోధుమ రంగు నీళ్ల ఆయిలు దొరుకుతుంది. చలికాలంలో అరకు వెళ్లొస్తే అది చిలికిన మజ్జిగలా తెల్లబడుతుంది, ఇంజిన్ వేడెక్కని చోట చేరిన నీరు అది.

మీ ఇంట్లో పాత బుల్లెట్ ఉంటే, ఈ ఆదివారం గొట్టం చివరి రబ్బరు ఊడదీసి వేళ్లతో నొక్కి చూడండి. పెదవులు మెత్తగా కలుసుకోవాలి. సన్నటి వైపు నోట్లో పెట్టుకుని ఊదితే గాలి వెళ్లకూడదు, వెడల్పు వైపు నుంచి ఊదితే వెళ్లాలి. రెండు వైపులా వెళ్తుంటే రబ్బరు మార్చేయండి. గొట్టానికి బోల్టు మాత్రం ఎవరినీ బిగించనీయకండి.