బఠాణీ తీసిన మడిలో బక్‌వీట్

న్యూయార్క్ రాష్ట్రం ఇథాకాలో మా పెరటికి మంచు భయం లేనిది మే నడిమి నుంచి అక్టోబరు మొదలుదాకానే. గోంగూర, బెండ, దోస అన్నీ ఆ నాలుగైదు నెలల్లోనే పండాలి. ఏప్రిల్‌లో పెట్టిన బఠాణీ, పాలకూర జూన్ ఆఖరుకి అయిపోతాయి. ఆగస్టు చివర్లో ముల్లంగి, మెంతికూర వేసేదాకా ఆ మళ్లు ఖాళీ. వట్టి నేలను అలా వానకీ ఎండకీ వదిలేస్తే పైమట్టి అట్టకడుతుంది, కలుపు కమ్మేస్తుంది. అందుకే ఆ రెండు నెలల ఖాళీలో నేను బక్‌వీట్ చల్లుతాను. ఉత్తరాదివాళ్లు నవరాత్రి ఉపవాసాల్లో కుట్టూ పిండి పూరీలు చేసుకుంటారే, ఆ గింజే ఇది. గోధుమకి చుట్టం కాదు, మన చుక్కకూర కుటుంబానిది.

వంద చదరపు అడుగులకి వంద గ్రాముల విత్తనం సరిపోతుంది. మట్టి పైపైన గుల్ల చేసి, చల్లి, అంగుళానికి మించకుండా కప్పి తడిపితే నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది. రెండు మూడు వారాలకి ఆకులు కలిసిపోయి నేల కనపడదు. కింద మొలిచిన కలుపు వెలుతురు అందక చచ్చిపోతుంది. మందు కొట్టే పని లేదు, కూర్చుని పీకే పనీ బాగా తగ్గుతుంది.

వేళ్లు చేసే పని ఇంకా గొప్పది. అవి లోతుకు పోవు, పైపొరలోనే సన్నగా, దట్టంగా అల్లుకుంటాయి. ఒక మొక్కను వేళ్లతో సహా మెల్లగా పైకి లేపి చూడండి. మట్టి గడ్డలుగా ఊడిపడదు, రవ్వలా విడివిడిగా వేళ్లను పట్టుకుని ఉంటుంది. నేలలో బిగుసుకుపోయిన భాస్వరాన్ని కూడా ఈ వేళ్లు లాగి మొక్కకి అందిస్తాయి. మొక్క కుళ్లినప్పుడు అది తర్వాతి పంటకి దక్కుతుంది.

నత్రజని మాత్రం దీని దగ్గర ఆశించకూడదు. తెనాలి దగ్గర మా నాన్న వరి నాట్లకు ముందు జనుము చల్లి, పూత మీద దమ్ములో తొక్కించేవారు. జనుము వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నిలుపుతాయి. బక్‌వీట్‌కి ఆ బుడిపెలు లేవు. తర్వాతి పంటకి కంపోస్టో పశువుల ఎరువో విడిగా వేయాల్సిందే.

నెల తిరిగేసరికి మడంతా తెల్లపూలు. పొద్దున్నే వెళితే తేనెటీగల రొద, మధ్యాహ్నం వెళితే ఒక్కటీ ఉండదు. ఈ పువ్వులో మకరందం ఉదయం పూటే ఊరుతుంది. ఆ పూలకి వచ్చే హోవర్ ఈగల పిల్లపురుగులు పేనుబంకను తింటాయి కాబట్టి పక్కనున్న బెండకీ మేలే. ఎంత ముచ్చటగా ఉన్నా, పూత మొదలైన వారం పదిరోజుల్లో కోసేయండి. గింజ ముదిరి రాలిందంటే తర్వాత అదే కలుపై కూర్చుంటుంది. కాడ డొల్లగా, నీరుగా ఉంటుంది కనుక కొడవలికి ఇట్టే తెగుతుంది. కోసింది అక్కడే పరిస్తే రెండు వారాల్లో మెత్తబడి మట్టిలో కలుస్తుంది.

నీరు నిలిచే చోట, తొక్కి తొక్కి గట్టిపడ్డ నేలలో ఇది ఎదగదు. తొలి మంచుకే చస్తుంది. చలికాలమంతా నేల కప్పి ఉంచడానికి రై అనే ధాన్యం వేసుకోవాలి.

ఈ ప్రాంతానికి ఇది కొత్త పంటేమీ కాదు. మాకు గంట పైచిలుకు దూరంలో ఉన్న పెన్ యాన్‌లో 1797 నుంచీ నడుస్తున్న బిర్కెట్ మిల్స్ నేటికీ బక్‌వీట్ ఆడుతోంది. మన ఊళ్ల మండుటెండకి మాత్రం ఇది తగదు, అక్కడ జనుము, జీలుగలదే పైచేయి. చలిదేశంలో ఉండి, జూలైలో ఒక్క మడి ఖాళీగా ఉన్నవాళ్లు తప్పక వేసి చూడండి. విత్తనం పొట్టుతో ఉన్నదే కొనండి. కొట్లో కాషా పేరుతో వేయించి అమ్మే పప్పు మొలవదు.