చేపపిల్లలు ఇల్లు మారేటప్పుడు

వానలు పడ్డాయి. చెరువు నిండింది. సంఘంలోని ఆడవాళ్ళు తలా కొంత డబ్బు వేసుకున్నారు. చేపపిల్లలు కొని తెచ్చారు. సాయంత్రం చెరువులో వదిలారు. పిల్లలు నీళ్ళలోకి పోయాయి. అందరూ సంతోషంగా ఇండ్లకు వచ్చారు. రెండో రోజు పొద్దున్నే కట్ట మీదికి పోయి చూస్తే, ఒడ్డు పొడవునా పిల్లలు తెల్లగా తేలి ఉన్నాయి.

ఇట్లాంటిది ఏ ఊర్లోనైనా జరగవచ్చు. "పిల్లలు మంచివి కావు" అని కొందరంటారు. "చెరువుకు దిష్టి తగిలింది" అని ఇంకొందరంటారు. చాలాసార్లు ఆ రెండూ కారణాలు కావు. పిల్లలు మంచివే. చెరువూ మంచిదే. ఒక నీళ్ళ నుంచి ఇంకో నీళ్ళకు తెచ్చిన తీరులోనే తప్పు ఉంటుంది.

మనం ఇల్లు మారితే సామాను బండికెత్తుకుని పోతాం. గాలి ఎక్కడైనా గాలే. చేపకు అట్లా కాదు. నీళ్ళే దాని గాలి. నీళ్ళే దాని ఇల్లు. నీళ్ళు మారితే చేపకు అన్నీ మారినట్టే.

ఈ పిల్లలు ఎక్కడి నుంచి వస్తాయి? బొచ్చె, శీలావతి, ఎర్రమోసు అనే మూడు రకాల చేపలను మన చెరువుల్లో ఎక్కువగా పెంచుతారు. ఇవి పారే నదిలో, వరద వచ్చినప్పుడు గుడ్లు పెడతాయి. కదలని చెరువు నీళ్ళలో పెట్టవు. అందుకని వెనకటి రోజుల్లో వరద నదుల్లో గుడ్డలు, వలలు కట్టి పిల్లలను పట్టేవారు. వాటిలో మంచివి ఎన్నో, చెడ్డవి ఎన్నో ఎవరికీ తెలిసేది కాదు. హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త దీనికి దారి చూపారు. చేప తలలో మెదడు కింద ఒక చిన్న గ్రంథి ఉంటుంది. దాని రసం తీసి, తల్లి చేపకు సూది మందు వేశారు. చేప గుడ్లు పెట్టింది. ఇది 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో జరిగింది. అందుకే ఇప్పటికీ జూలై 10ని దేశమంతా చేప రైతుల దినంగా జరుపుకుంటారు. ఈ రోజు చేపపిల్లల కేంద్రాల్లో దొరికే ఈ రకాల పిల్లలు ఎక్కువగా ఆ దారిన పుట్టినవే.

కేంద్రానికి పోయినప్పుడు ముందు చూడవలసింది లెక్క. వేల పిల్లలను ఒక్కొక్కటిగా ఎవరూ లెక్కపెట్టరు. చిల్లుల గిన్నెతో ముంచి పోస్తారు. ఒక గిన్నెలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఎన్ని గిన్నెలు పోస్తే అన్ని రెట్లు వేస్తారు. గిన్నెకు 200 పిల్లలుంటే, 10 గిన్నెలకు 2,000. లెక్క సులువే. కానీ లెక్కపెట్టే గిన్నె ఎవరు తీయాలి? నిండుగా ఉన్న గిన్నెను లెక్కపెట్టి, తక్కినవి వెలితిగా పోస్తే నష్టం కొన్నవాళ్ళకే. "ఈ గిన్నె కాదన్నా, ఇప్పుడు పోస్తున్న గిన్నె లెక్కపెట్టు" అని అడగవచ్చు. అది గొడవ కాదు. డబ్బు ఇచ్చేవారికి ఆ హక్కుంది.

రెండో సంగతి, పిల్లలను పస్తు పెట్టారా లేదా అని అడగాలి. ఇది వింటే కొందరికి జాలి కలుగుతుంది. "పసిపిల్లలను పస్తు పెట్టేదేంది?" అంటారు. కారణం ఉంది. కడుపు నిండా తిన్న పిల్లలు దారిలో సంచిలోనే మలం వేస్తాయి. సంచిలో నీళ్ళు కొన్నే. అవి చెడిపోతాయి. అందుకని ఒక రోజు ముందే పిల్లలను గుడ్డ వల తొట్లలో పెట్టి, మేత వేయకుండా ఉంచుతారు. కడుపు ఖాళీ అవుతుంది. బలం లేని పిల్లలు అక్కడే చస్తాయి. గట్టివి మిగులుతాయి. అప్పుడే చెరువు నుంచి పట్టి, అప్పుడే సంచిలో వేసి ఇస్తే తీసుకోకపోవడం మేలు.

పిల్లలను ప్లాస్టిక్ సంచుల్లో పోస్తారు. సంచిలో మూడింట ఒక వంతు నీళ్ళు. మిగిలిన రెండు వంతులు ఆక్సిజన్, అంటే ప్రాణవాయువు. మూతి గట్టిగా కడతారు. సంచి నిండా నీళ్ళుంటే మంచిది గదా అనిపిస్తుంది. కాదు. నీళ్ళలో కరిగే ప్రాణవాయువు చాలా తక్కువ. పైన గాలి ఉంటేనే, సంచి కదిలినప్పుడల్లా అది నీళ్ళలో కలుస్తుంది. దూరం ఎక్కువైతే పిల్లల సంఖ్య తగ్గించాలి. పిల్లలు పెద్దవైతే ఇంకా తగ్గించాలి. సంచులు తక్కువ పడతాయని కక్కుర్తి పడితే, దారిలో పిల్లలు పోతాయి.

కర్నూలు, కడప ఎండలు అందరికీ తెలిసినవే. నీళ్ళు వేడెక్కే కొద్దీ వాటిలో ప్రాణవాయువు నిలవదు. 20 డిగ్రీల వేడిలో లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. వేడిలో పిల్లలు ఆయాసపడి ఎక్కువ ప్రాణవాయువు వాడుకుంటాయి. రాక తగ్గి, ఖర్చు పెరిగినట్టు. కాబట్టి పిల్లలను తెల్లవారుజామునో, పొద్దు వాలినాకనో తేవాలి. సంచుల మీద తడి గోనెపట్టా కప్పాలి. దారిలో బండి ఆపి టీ తాగాలంటే, బండిని నీడలో పెట్టాలి.

కొందరు సంచులు లేక డ్రమ్ముల్లో తెస్తారు. పురుగు మందు వచ్చిన డ్రమ్మును ఎన్నిసార్లు కడిగినా వాడకూడదు. చేపకు అందులో మిగిలిన చుక్క చాలు.

ఇంతవరకు బాగా జరిగిందనుకుందాం. సంచులు చెరువు దగ్గరికి చేరాయి. ఇప్పుడే అసలు పని. అందరికీ తొందర ఇక్కడే. "నీళ్ళు నీళ్ళే గదక్కా, పోసేస్తే పోలా?" అంటారు. వద్దు. సంచి నీళ్ళు, చెరువు నీళ్ళు ఒకటి కావు. మూడు తేడాలున్నాయి.

ఒకటి వేడి. ఎండన పడి వచ్చినవారు ఒక్కసారిగా చన్నీళ్ళు పోసుకుంటే ఒళ్ళు ఝల్లుమంటుంది. మన ఒంటికి లోపల తన వేడి తనకుంటుంది. చేపకు అది లేదు. నీళ్ళు ఎంత వేడో దాని ఒళ్ళూ అంతే వేడి. అందుకే మూతి విప్పకుండా సంచిని చెరువులో తేలేయాలి. పావుగంట నుంచి అరగంట దాకా ఉంచాలి. రెండు నీళ్ళ వేడి సమానమవుతుంది. ఎండలో మాత్రం తేలేయకూడదు. మూసిన సంచి ఎండకు వేడెక్కుతుంది.

రెండోది నీళ్ళ గుణం. కొన్ని నీళ్ళు కొంచెం పుల్లన. కొన్ని నీళ్ళు సున్నపు నీళ్ళ లాగా క్షారం. కడప బండలు పరిచిన నేల నీళ్ళు, ఎర్ర నేల నీళ్ళు ఒకే తీరుగా ఉండవు. పప్పు ఉడకని బోరు నీళ్ళు ఆడవాళ్ళకు బాగా తెలుసు. ఆ తేడా చేపకు చర్మం మీద, మొప్పల మీద తెలుస్తుంది. సంచి మూతి విప్పి, గ్లాసుతో కొంచెం చెరువు నీళ్ళు పోయాలి. కాసేపాగి ఇంకొంచెం పోయాలి. పది, పదిహేను నిమిషాలు ఇట్లా చేయాలి.

మూడోది అమ్మోనియా. పశువుల కొట్టంలోకి పొద్దున్నే పోతే ముక్కులో గుచ్చుకునే వాసన ఉంటుంది గదా, అదే. చేపలు మొప్పల నుంచి దీన్ని వదులుతాయి. మూసిన సంచిలో పిల్లలు విడిచిన గాలి నీళ్ళను కొంచెం పుల్లగా ఉంచుతుంది. పుల్లటి నీళ్ళలో అమ్మోనియా అంత విషం కాదు. మూతి విప్పి అట్లాగే గంటలు వదిలేస్తే ఆ గాలి పోతుంది. అమ్మోనియా విషంగా మారుతుంది. కాబట్టి మూతి విప్పక ముందు ఓపిక కావాలి. విప్పినాక మాటల్లో పడకూడదు.

చివరికి సంచిని వంచి పట్టుకోవాలి. పిల్లలు తమంతట తామే ఈదుకుంటూ పోతాయి. పై నుంచి కుమ్మరించకూడదు.

పెద్ద పెద్ద నగరాల్లో కొందరు గాజు తొట్లలో సముద్రపు చేపలను పెంచుతారు. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటేనే అవి బతుకుతాయి. అది వంటింటి ఉప్పు కాదు, సముద్రంలో ఉండే లవణాలన్నీ కలిపిన ఉప్పు. వాళ్ళు ఇల్లు మారేటప్పుడు కూడా ఈ తిప్పలే పడతారు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో స్టైన్‌హార్ట్ అక్వేరియం అనే పెద్ద చేపల ప్రదర్శనశాల ఉంది. పాత కట్టడాన్ని పడగొట్టి కొత్తది కట్టడానికి 2004లో దాన్ని ఊర్లోనే ఇంకో చోటికి మార్చారు. కొత్త కట్టడాన్ని 2008 సెప్టెంబరులో తెరిచారు. అంటే జీవులన్నీ రెండుసార్లు ఇల్లు మారినట్టు. సముద్రపు తొట్లు మార్చేవాళ్ళు చేపల కంటే తొట్టిలోని రాళ్ళను ఎక్కువ జాగ్రత్తగా చూస్తారు. వాటిని ఎండనివ్వరు. తడి గుడ్డ చుట్టో, నీళ్ళలో ముంచో తీసుకుపోతారు. రాళ్ళకెందుకు ఇంత మర్యాద? ఆ రాళ్ళ మీద కంటికి కనపడని సూక్ష్మజీవులు ఉంటాయి. చేపలు వదిలే అమ్మోనియాను అవే మార్చి, విషం తీసేస్తాయి. రాళ్ళు ఎండితే అవి చస్తాయి. కొత్త తొట్టిలో మళ్ళీ అవి పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

(పగడపు దిబ్బలు కూడా చిన్న చిన్న జీవులు సున్నంతో కట్టుకున్నవే. మన దేశంలో సముద్రం నుంచి వాటిని తీయడం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటిని కాపాడుతుంది. ఇంకో వింత ఏమంటే, కడప నేల కూడా కోట్లాది ఏండ్ల కిందట సముద్రమే. వేంపల్లె దగ్గరి రాళ్ళలో అప్పటి సూక్ష్మజీవులు కట్టిన పొరలు ఇప్పటికీ ఉన్నాయి. ఇంటి అరుగు మీది కడప బండ కూడా నీటి అడుగున పేరుకున్న సున్నపు బురద నుంచి పుట్టిందే.)

చెరువుకూ ఈ సూక్ష్మజీవులు కావాలి. పాలు ఎంత చిక్కనివైనా తోడు లేకపోతే పెరుగు కావు గదా. పాత చెరువు అడుగున బురదలో తోడు ఉంటుంది. కొత్తగా తవ్విన సేద్యపు కుంటలో ఉండదు. బోరు నీళ్ళు నింపి, ఆ రోజే పిల్లలను వదిలితే బతకడం కష్టం. బోరు నీళ్ళలో ప్రాణవాయువు కూడా తక్కువ. నీళ్ళు ఎత్తు నుంచి పడేటట్టు పెట్టాలి. పశువుల పేడ వేసి, వారం పది రోజులు ఆగాలి. నీళ్ళు లేత ఆకుపచ్చగా మారతాయి. అప్పుడు చేతిని మోచేతి దాకా నీళ్ళలో ముంచి చూడాలి. మోచెయ్యి మునగక ముందే అరచెయ్యి కనపడకుండా పోతే పచ్చదనం ఎక్కువైనట్టు, పేడ ఆపాలి. మోచెయ్యి మునిగినా అరచెయ్యి స్పష్టంగా కనపడితే మేత చాలదు. సున్నం మాత్రం చెప్పారని వేయకూడదు. పుల్లటి నేలకు అది మందు. చౌడు నేలకు అవసరం లేదు. మట్టి పరీక్ష చేయించి వేయడం మంచిది.

నేల సంగతి పెద్దలకు ఎప్పుడో తెలుసు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేండ్ల పని. చెరువుకు ఉండకూడని దోషాలను కూడా ఆ శాసనంలో రాశారు. అందులో చౌడు నేల ఒకటి.

పాత చెరువుకు ఇంకో చిక్కు ఉంది. వేసవిలో పూర్తిగా ఎండని చెరువులో కొర్రమీను, వాలుగ దాక్కుని ఉంటాయి. కొత్త పిల్లలు వాటికి సద్ది మూటలే. అట్లాంటి చోట చిన్న పిల్లలను వదలడం డబ్బు పారబోయడమే. వేలెడు పొడవు దాటిన పిల్లలే కొనాలి. ధర ఎక్కువే, కానీ చేతికొచ్చేవి అవే. మొరవ దగ్గర జాలీ కట్టాలి. లేకపోతే పెద్ద వాన వచ్చిన రాత్రి చేపలన్నీ కింది ఊరి చెరువు పాలవుతాయి.

ఎన్ని వదలాలి? మేత వేసి పెంచే చెరువుకు హెక్టారుకు 5,000 పిల్లలని చెబుతారు. అంటే ఎకరాకు 2,000. మేత వేయని ఊరి చెరువుకు అంతకంటే తగ్గించాలి.

వదిలినాక ఎన్ని బతికాయో ఎట్లా తెలుస్తుంది? చచ్చిన పిల్ల ముందు మునుగుతుంది. ఒకటి రెండు రోజులకు తేలుతుంది. కొన్నిటిని పక్షులు, తాబేళ్ళు తింటాయి. తేలినవి పది అయితే చచ్చినవి పదే అనుకోకూడదు. దోమతెర గుడ్డతో ఒక పెట్టె లాగా కుట్టి, నాలుగు కట్టెలకు కట్టి చెరువులో నిలపాలి. అదే సంచిలోని పిల్లలు 50 లెక్కపెట్టి అందులో వేయాలి. రెండు రోజుల తర్వాత మళ్ళీ లెక్కపెట్టాలి. 45 ఉంటే, చెరువులోనూ నూటికి 90 బతికినట్టు అనుకోవచ్చు. 20 ఉంటే, ఎక్కడ తప్పు జరిగిందో ఆ వారమే వెతకాలి. ఆరు నెలల తర్వాత వల వేసి ఏడవడం కంటే ఇది మేలు.

సంఘం పుస్తకంలో ఒక పేజీ దీనికి పెట్టుకోవచ్చు. తెచ్చిన తేదీ, బయలుదేరిన గంట, చేరిన గంట, సంచులు ఎన్ని, సంచికి పిల్లలు ఎన్ని, రెండో రోజు దోమతెర పెట్టెలో మిగిలినవి ఎన్ని. ఇంతే. వచ్చే ఏడు పిల్లలు కొనేటప్పుడు ఆ పేజీ చేత పట్టుకుని పోతే, ఏ కేంద్రం పిల్లలు గట్టివో, ఏ గంటకు బయలుదేరితే నష్టం తక్కువో అందులోనే ఉంటుంది.