‘మా’ నుంచి ‘మన’ వరకు: ఆస్ట్రేలియాలో అమెరికన్ కార్ల ప్రకటనలు – పరిశీలన

1. ప్రవేశిక:

ప్రకటన వస్తువు గుణాలను వివరించడంతో పాటు అది ఎవరిదో కూడా సూచిస్తుంది. తెలుగులో ‘మా’ శ్రోతను మినహాయిస్తుంది; ‘మన’ శ్రోతను కలుపుకుంటుంది. ఇరవయ్యో శతాబ్దపు ఆస్ట్రేలియాలో అమెరికన్ కంపెనీల కార్లకు దక్కిన ఆదరణను ఈ భేదం ఆధారంగా వివరించవచ్చు.

2. నేపథ్యం:

1917లో ఆస్ట్రేలియా ప్రభుత్వం పూర్తి కార్ల దిగుమతిని పరిమితం చేసింది. దీంతో విదేశీ ఛాసిస్‌లపై బాడీలను స్థానికంగా నిర్మించే పరిశ్రమ పెరిగింది. 1856లో అడిలైడ్‌లో గుర్రపు జీనుల వ్యాపారంగా మొదలైన హోల్డెన్ సంస్థ ఇందులో అగ్రగామి అయింది. 1931లో అది జనరల్ మోటార్స్‌లో విలీనమైంది. అంతకుముందే, 1925లో, ఫోర్డ్ తన కెనడా సంస్థ ద్వారా జీలాంగ్‌లో అడుగుపెట్టింది.

3. ‘సొంత కారు’ నినాదం:

1948 నవంబర్ 29న మెల్‌బోర్న్‌లోని ఫిషర్‌మన్స్ బెండ్‌లో ప్రధానమంత్రి బెన్ చిఫ్లీ హోల్డెన్ 48-215 కారును ఆవిష్కరించారు. పన్నుతో కలిపి ధర 733 పౌండ్లు. ‘ఆస్ట్రేలియా సొంత కారు’ అన్నది దాని ప్రచార నినాదం. నిజానికి దాని మూల నమూనా అమెరికాలో షెవర్లే కోసం రూపొంది, అక్కడ ఉత్పత్తికి నోచుకోనిది. అయినా నినాదాన్ని అసత్యమని కొట్టివేయలేం. కారును తయారుచేసిన చేతులు స్థానికమైనవే. యాజమాన్యం మాత్రం విదేశీయం. నినాదం మొదటిదాన్ని చెప్పి రెండవదాన్ని మరుగుపరిచింది.

1970లలోని హోల్డెన్ ప్రకటన గీతం ఇందుకు మరో ఉదాహరణ. అమెరికాలో షెవర్లే గీతం తన కారును బేస్‌బాల్, హాట్‌డాగ్, యాపిల్ పైల సరసన నిలిపింది. హోల్డెన్ గీతం అదే మూసలో ఫుట్‌బాల్, మాంసపు పై, కంగారూలను చేర్చింది. ఛాసిస్ అక్కడిది, బాడీ ఇక్కడిది అన్న పాత పద్ధతే పాటలోనూ కొనసాగింది.

4. నినాదానికి రోడ్డు పరీక్ష:

మాట మార్చినంత సులభంగా యంత్రం మారదు. 1960లో వచ్చిన ఫోర్డ్ ఫాల్కన్ ముందు సస్పెన్షన్ ఆస్ట్రేలియా గతుకుల రోడ్లకు తట్టుకోలేకపోయింది. దానిని బలపరచిన తరువాత కూడా కొనుగోలుదారుల నమ్మకం కోసం 1965లో ఫోర్డ్ 70,000 మైళ్ల బహిరంగ మన్నిక పరీక్ష నిర్వహించింది. ‘మన’ అనిపించుకోవడానికి నినాదంతో పాటు నిరూపణ కూడా అవసరమైంది.

5. ముగింపు:

2017 అక్టోబర్ 20న ఎలిజబెత్‌లోని హోల్డెన్ కర్మాగారం మూతపడింది. 2020లో జనరల్ మోటార్స్ ఆ బ్రాండునే విరమిస్తున్నట్లు ప్రకటించింది. ప్రకటనలోని ‘మన’ ప్రజలకు ఆత్మీయతను ఇచ్చింది, నిర్ణయాధికారాన్ని ఇవ్వలేదు. ప్రకటన భాషను అధ్యయనం చేసేటప్పుడు ఈ రెండింటినీ వేరుచేసి చూడటం అవసరం.