ఉపగ్రహానికి నీళ్లు కనిపించవు

అనంతపురం నుంచి కదిరి వెళ్లే దారిలో ముదిగుబ్బ వస్తుంది. చుట్టూ ఎర్రనేలలు, రాతిగుట్టలు, చెనిక్కాయ చేలు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో సగటున ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ అదునుకు కురిస్తే! అందుకే ఇక్కడ సేద్యమంటే బోరు. పాయింటు ఎక్కడ వేయాలో వేపపుల్ల పట్టేవాళ్లు, అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టేవాళ్లు చెబుతారు. భూవిజ్ఞానం, రిమోట్ సెన్సింగ్‌లో పీజీ చేసినవాళ్లూ చెబుతారు. వీళ్ల మాటకు ఆధారం ఉంటుంది, హద్దూ ఉంటుంది.

భూగర్భజలం ఉపగ్రహ కెమెరాకు కనపడదు. నేల మీద పడి తిరిగొచ్చే కాంతినే అది పట్టుకుంటుంది. పచ్చని ఆకు ఎర్రని కాంతిని పీల్చుకుంటుంది. మన కంటికి ఆనని సమీప పరారుణ కాంతిని వెనక్కి పంపుతుంది. ఈ రెండింటి తేడాను రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకె ఎన్‌డీవీఐ. పైరు వాడితే అది పడిపోతుంది. దేశంలో పంటల కరువును ఈ లెక్కతో అంచనా వేయడం 1989లోనే మొదలైంది.

నీళ్ల సంగతి ఇంత సులువు కాదు. ఈ ప్రాంతంలో అడుగున ఉన్నది గ్రానైట్, నైస్. ఇసుక నేలలా నీళ్లు పీల్చుకునే గుణం ఆ రాయికి లేదు. పైన శిథిలమై మెత్తబడిన పొరలో, కింద పగుళ్లలో మాత్రమే నీళ్లు నిలుస్తాయి. ఆ పగుళ్ల ఆనవాళ్లు ఉపగ్రహ చిత్రంలో దొరుకుతాయి: వంకరలు తిరిగే వాగు ఉన్నట్టుండి గీత గీసినట్టు సాగుతుంది, మెట్టలో చెట్లు ఒకే వరసలో పచ్చగా ఉంటాయి. ఇలాంటి గీతలను లీనియమెంట్లు అంటారు. డోలరైట్ డైకులూ కనిపిస్తాయి. గ్రానైట్‌ను చీల్చుకుని నిలువునా లేచిన ఈ నల్లరాయి కొన్నిచోట్ల భూమి లోపల ఆనకట్టలా అడ్డుపడి, ఎగువన నీటిని ఆపుతుంది.

అయితే చిత్రంలోని గీత పాత బండిబాటా కావచ్చు, పొలం గట్టూ కావచ్చు. అది తేలాలంటే సుత్తి, దిక్సూచి పట్టుకుని నడవాల్సిందే. ఆ తర్వాత నేలలో ఎలక్ట్రోడ్లు గుచ్చి విద్యుత్ నిరోధం కొలుస్తారు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్‌ఎస్‌సీ) తయారుచేసిన భూగర్భజల పటాల స్కేలు 1:50,000. అంటే పటంలో ఒక సెంటీమీటరు, నేల మీద అరకిలోమీటరు. నీళ్లు పడే అవకాశమున్న పట్టీని అది చూపిస్తుంది. రైతు చేలో పాయింటు చూపించమంటే చూపించలేదు.

2002లో ఎగిరిన గ్రేస్ జంట ఉపగ్రహాలది ఇంకో పద్ధతి. నీటి బరువు తగ్గితే గురుత్వాకర్షణలో వచ్చే స్వల్ప మార్పును అవి కొలిచాయి. 2002-2008 మధ్య పంజాబ్, హర్యానా, రాజస్థాన్, ఢిల్లీ ప్రాంతం 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలాన్ని కోల్పోయిందని ఆ కొలతలతోనే తేలింది. కానీ అవి ఒకేసారి వందల కిలోమీటర్ల మేరను చూసేవి. వాటికి ముదిగుబ్బ మండలం ఆనేది కాదు.

బోరు ఎక్కడ వేయాలన్నది భూవిజ్ఞానం. అసలు వేయవచ్చా అన్నది విధానం. ఏటా ఇంకే నీటికన్నా తోడేది ఎక్కువైతే ఆ ప్రాంతాన్ని మితిమీరి వాడినదిగా ప్రకటిస్తారు. బావులను నమోదు చేసి అదుపులో పెట్టేందుకు 2002లో వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వచ్చింది. చట్టం కన్నా ఆసక్తికరమైనది ఏపీఎఫ్ఏఎంజీఎస్ పథకం. అనంతపురంతో కలిపి ఏడు జిల్లాల్లో రైతులే వాన కొలిచారు, బావుల్లో నీటిమట్టం రాసుకున్నారు, రబీకి ముందు ఊరి నీటి లెక్క వేసుకుని ఏ పంట పెట్టాలో మాట్లాడుకున్నారు. ఏ ఉపగ్రహమూ ఇవ్వలేని సమాచారం అది.

భూవిజ్ఞానం, రిమోట్ సెన్సింగ్ చదువుకు దారులు దగ్గర్లోనే ఉన్నాయి. తిరుపతి శ్రీ వెంకటేశ్వర, కడప యోగి వేమన విశ్వవిద్యాలయాల్లో జియాలజీ ఉంది. డెహ్రాడూన్‌లోని భారతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ (ఐఐఆర్‌ఎస్)లో ఎంటెక్ చేస్తే పట్టా ఇచ్చేది మన ఆంధ్ర విశ్వవిద్యాలయమే. ల్యాండ్‌శాట్, సెంటినెల్ ఉపగ్రహాల చిత్రాలు ఉచితం కనుక సాఫ్ట్‌వేర్ పని ఇంట్లోనూ నేర్చుకోవచ్చు. కాబట్టి కోర్సులో చేరేముందు కంప్యూటర్ ల్యాబు చూసి మురిసిపోకుండా, ఫీల్డు వర్కు ఎన్ని రోజులుంటుందో అడగండి.