రాగి పూత గుండ్లు: అమెరికాలోని మన పిల్లలు తెలుసుకోవలసిన సంగతులు

కామాటిపురలోనూ, వర్లి బీడీడీ చాల్‌లలోనూ మన పాత తరం కట్టడాల పనులు చేసింది, మిల్లుల్లో మగ్గాలు నడిపింది. ఇప్పుడు అదే ఇళ్ల మనవలు, మనవరాళ్లు అమెరికాలో చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. అక్కడ సెలవు రోజున షూటింగ్ రేంజికి వెళ్లడం కొన్ని ఊళ్లలో మామూలు సంగతే. కొందరు ఒక అడుగు ముందుకు వేసి, పేల్చిన తూటాల ఖాళీ గుల్లలు ఏరుకొచ్చి ఇంట్లోనే మళ్లీ నింపుకుంటారు. దానిని అక్కడ రీలోడింగ్ అంటారు. బల్ల మీద రాగి రంగులో మెరిసే గుండ్ల పెట్టె ఫొటో ఒకటి ఇంటికి వస్తుంది. ఇక్కడ తల్లిదండ్రులకు అది ఆట వస్తువో, ఆయుధమో తెలియదు. అబ్బాయి సెలవుకు వచ్చేటప్పుడు అందులో ఒకటి సంచిలో పడితే ఏమవుతుందో అసలే తెలియదు.

సంఘానికి వచ్చే పెద్దలు ఈ మధ్య ఈ విషయం అడుగుతున్నారు. అందుకే ఆ గుండ్లు ఏమిటో, ఎవరు వాడవచ్చో, ఎలా వాడాలో, ఎక్కడికి తీసుకురాకూడదో వరుసగా రాస్తున్నాం.

తూటాలో ఏముంటుంది

మనం మాటల్లో తూటా, గుండు, బుల్లెట్ అన్నీ ఒకటే అనుకుంటాం. నిజానికి తూటాలో నాలుగు భాగాలున్నాయి. ఒకటి ఇత్తడి గుల్ల. రెండు, దాని అడుగున ఉండే ప్రైమర్. దెబ్బ తగలగానే నిప్పు పుట్టించేది అదే. మూడు, గుల్ల లోపలి మందు. నాలుగు, మూతి దగ్గర బిగించిన గుండు. పేల్చినప్పుడు ఎగిరిపోయేది గుండు ఒక్కటే. గుల్ల కింద పడుతుంది, అది బాగుంటే మళ్లీ పనికొస్తుంది. పాత ప్రైమరు తీసి, గుల్లను అచ్చులో సరిచేసి, కొత్త ప్రైమరు, తూచిన మందు, కొత్త గుండు పెడితే తూటా తయారు. అన్ని తూటాలకూ ఇది కుదరదు. చిన్న .22 తూటాలో ప్రైమరు మందు గుల్ల అంచులోనే ఉంటుంది కాబట్టి దానిని మళ్లీ నింపరు.

గిల్టుకూ తొడుగుకూ తేడా

పిస్తోలు గుండ్లు ముఖ్యంగా మూడు రకాలు. ఒట్టి సీసం గుండు చవక. అయితే కొవ్వు పూసి వాడితే పొగ వస్తుంది, గొట్టంలో సీసం అంటుకుంటుంది. రెండోది తొడుగు గుండు. రాగిలో కొద్దిగా జింకు కలిపిన లోహపు రేకును గిన్నెలా నొక్కి, అందులో సీసం బిగిస్తారు. గట్టిది, ఖరీదైనది. మూడోది మన మాటలో చెప్పాలంటే గిల్టు గుండు. మెత్తని సీసం గుండును తొట్టెలో ముంచి, కరెంటుతో దాని మీద రాగి పూత పట్టిస్తారు. గిల్టు నగకు బంగారు పూత పట్టించే పద్ధతే ఇది. పూత పట్టాక చాలామంది తయారీదారులు గుండును మళ్లీ అచ్చులో నొక్కి కొలత సరిచేస్తారు.

దీని ధర సాధారణంగా తొడుగు గుండు కంటే తక్కువ. సీసం చేతికి నేరుగా తగలదు, పొగ తక్కువ. గురి సాధనకు ఇది ఇష్టపడటానికి కారణం ఇదే. కానీ గిల్టు నగను గట్టిగా రుద్దితే లోపలి లోహం బయటపడినట్టే, ఇక్కడా పూత పలచన, లోపల మెత్తన. ఆ సంగతి మరిచి తొడుగు గుండులాగా వాడితే చిక్కు.

ముందు అడగవలసింది: అర్హత ఉందా?

ఏ పెట్టె కొనాలి అన్న ప్రశ్నకు ముందు, కొనే హక్కు ఉందా అన్నది తేల్చుకోవాలి. మన పిల్లల్లో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

అమెరికా కేంద్ర చట్టం ప్రకారం 1998 నుంచి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ, మందుగుండు గానీ దగ్గర ఉంచుకోకూడదు. చదువుకునే ఎఫ్-1, ఉద్యోగపు హెచ్-1బి, వారి కుటుంబానికి ఇచ్చే హెచ్-4, చూసిరావడానికి మనం తీసుకునే బి-2, అన్నీ తాత్కాలిక వీసాలే. కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో మనవాళ్లకు తగిలేది ముఖ్యంగా ఒక్కటి: ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. గ్రీన్ కార్డు ఉన్నవారికి, పౌరులకు ఈ నిషేధం లేదు.

మందుగుండు అంటే నిండు తూటా ఒక్కటే అనుకోకండి. ఆ చట్టంలోని నిర్వచనంలో గుల్ల, ప్రైమరు, గుండు, మందు విడివిడిగా కూడా ఉన్నాయి. అంటే వేట లైసెన్సు లేని హెచ్-1బి అబ్బాయి ఆన్‌లైన్‌లో రాగి పూత గుండ్ల పెట్టె తెప్పించుకుంటే, ఇంట్లో తుపాకీ లేకపోయినా అది మందుగుండే. 2022 సవరణ తరువాత ఈ నేరానికి శిక్ష 15 ఏళ్ల దాకా ఉంది. ఆయుధాల నేరం రుజువైతే దేశం నుంచి పంపివేసే వీలుంది, గ్రీన్ కార్డు ఉన్నా సరే. పదేళ్ల కష్టం ఒక గుండ్ల పెట్టెతో పోగొట్టుకోకూడదు కదా.

రాష్ట్రాల చట్టాలు వేరువేరుగా ఉంటాయి, అవీ చూసుకోవాలి. తన వాడకానికి నింపుకోవడానికి కేంద్ర లైసెన్సు అక్కర్లేదు. స్నేహితులకు నింపి అమ్మడం వ్యాపారంగా పెట్టుకుంటే మాత్రం లైసెన్సు కావాలి.

అర్హత ఉన్నవారు ఎంచుకునేటప్పుడు, వాడేటప్పుడు

మొదటిది కొలత. 9 ఎంఎం పిస్తోలుకు గుండు అడ్డుకొలత 0.355 లేదా 0.356 అంగుళం. పెట్టె మీద ఆ అంకె చూసి కొనాలి. బరువు గ్రెయిన్లలో రాస్తారు. మన పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. 9 ఎంఎంలో దొరికే 115, 124, 147 గ్రెయిన్ల గుండ్లు తులంలోపే అన్నమాట. బరువు మారితే మందు లెక్క మారుతుంది. ఒకదాని లెక్క మరొకదానికి పనికిరాదు.

రెండోది వేగం. పూత గుండ్లకు తయారీదారులు వేగానికి హద్దు పెడతారు. మామూలు పూతకు అది సెకనుకు సుమారు 1,200 అడుగులు. మందపు పూత రకాలకు కొంత ఎక్కువ. హద్దు దాటితే పూత చిరిగి గురి చెదురుతుంది. అందుకే బలమైన మాగ్నమ్ తూటాలకు తొడుగు గుండే తగినది.

మూడోది మందు లెక్క. తయారీదారులు ముద్రించిన లోడ్ పుస్తకంలోని లెక్కే ప్రమాణం. పూత గుండుకు విడిగా లెక్క లేకపోతే ఏది వాడాలో ఆ గుండు చేసినవారే చెబుతారు. చాలామంది సీసం గుండు లెక్కను గానీ, తొడుగు గుండుకు రాసిన లెక్కలో మధ్యస్థాన్ని గానీ వాడమంటారు. ఎప్పుడూ తక్కువ నుంచి మొదలుపెట్టాలి. ఫోనులో స్నేహితుడు పంపిన అంకె పనికిరాదు. ఒకే గుల్లలో మందు రెండుసార్లు పడితే తుపాకీ చేతిలోనే పగలవచ్చు. కాబట్టి గుండు పెట్టేముందు ప్రతి గుల్లలోకీ తొంగి చూడాలి. టీవీ, ఫోను, కబుర్లు ఆ బల్ల దగ్గర వద్దు.

నాలుగోది బిగింపు. గుల్ల మూతిని ముందు కొద్దిగా వెడల్పు చేయాలి. లేకపోతే అంచు పూతను గీరేస్తుంది. గుండు కూర్చున్నాక మూతిని తేలిగ్గా, ఏటవాలుగా సరిచేస్తే చాలు. అంచును లోపలికి మడిచి గట్టిగా నొక్కితే పూత తెగుతుంది, తూటా గొట్టంలో వెళ్లేటప్పుడు సీసం బయటపడుతుంది. సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే ఒక నమూనా గుండును బయటికి లాగి చూస్తారు. పూత మీద లోతైన గీత ఉంటే బిగింపు తగ్గించాలి.

పూత ఉన్నా సీసం సీసమే

పైన రాగి ఉంది కాబట్టి సీసం భయం లేదనుకోవడం సరికాదు. చాలా ప్రైమర్లలోనూ సీసం ఉంటుంది. పేల్చినప్పుడు అది గాలిలో, గుల్లల లోపలి మసిలో చేరుతుంది. పిల్లల రక్తంలో ఇంత సీసం ఉన్నా ఫరవాలేదు అనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

అందుకే నింపే బల్ల వంటింట్లో, పిల్లలు ఆడే గదిలో ఉండకూడదు. పేల్చిన గుల్లలు వంటింటి సింకులో కడగకూడదు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగే దాకా తినడం, తాగడం వద్దు. రేంజి నుంచి వచ్చిన బట్టలు విడిగా ఉతకాలి, చెప్పులు గుమ్మం బయటే విడవాలి. మనుమడిని ఎత్తుకునేముందు బట్టలు మార్చుకోమని అమ్మమ్మలు, నాయనమ్మలు గట్టిగా చెప్పవచ్చు. ఖాళీ గుల్లలు పిల్లలకు ఆటకు ఇవ్వవద్దు.

ముంబయికి ఒక్కటి కూడా వద్దు

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం నడుస్తోంది. అందులో మందుగుండు నిర్వచనం ఇంకా విశాలం. తూటా భాగాలు మాత్రమే కాదు, తూటా తయారుచేసే యంత్రం కూడా అందులోకి వస్తుంది. కాబట్టి తమ్ముడికి చూపించాలని రీలోడింగ్ ప్రెస్సు తేవడం కూడా ఇబ్బందే. లైసెన్సు లేకుండా మందుగుండు తయారుచేస్తే, 2019 సవరణ తరువాత, శిక్ష ఏడేళ్లకు తక్కువ కాకుండా యావజ్జీవం దాకా. లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకుంటే రెండు నుంచి ఐదేళ్లు. ఇంట్లో నింపుకునే అలవాటు అక్కడే వదిలి రావాలి.

విమానాశ్రయంలో పట్టుబడేవి తరచుగా మరిచిపోయిన ఒక్క తూటాలే. రేంజికి తీసుకెళ్లిన సంచినే ప్రయాణానికి వాడతారు, అడుగు జేబులో ఒకటి ఉండిపోతుంది, ఎక్స్-రేలో కనిపిస్తుంది. తెలిసి ఉంచుకుంటేనే నేరం అని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది. ఎక్కడా వాడే ఉద్దేశం లేని చిన్న భాగాలకు చట్టం 45వ సెక్షనులో మినహాయింపు కూడా ఉంది. అయితే ఇవన్నీ కేసు పెట్టాక వకీలు వాదించే మాటలు. ఈలోగా విమానం పోతుంది, పోలీసు స్టేషను, కోర్టు, పాస్‌పోర్టు చిక్కు మిగులుతాయి. వీసా స్టాంపింగుకు వచ్చిన అబ్బాయి ఉద్యోగం మీదికే రావచ్చు.

కాబట్టి బయలుదేరే ముందు మూడు పనులు చేయమనండి. రేంజి సంచిని ప్రయాణానికి ఎప్పుడూ వాడవద్దు. ప్రతి జేబూ తిరగేసి దులపాలి, కోటు జేబులు కూడా. తూటాతో చేసిన కీచైను, లాకెట్టు అక్కడే వదిలేయాలి.

ఇష్టం ఉన్న పిల్లలకు ఇక్కడ దారి

గురి పెట్టడం మంచి క్రీడ. దానిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. మన వర్లిలోనే మహారాష్ట్ర రైఫిల్ అసోసియేషన్ రేంజి ఉంది. అంజలీ భాగవత్ వంటి క్రీడాకారిణి ఆ సంఘం నుంచే పైకి వచ్చారు. మన హైదరాబాదు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చారు. ఎయిర్ రైఫిల్‌లో మందు లేదు, ప్రైమరు లేదు, 4.5 మిల్లీమీటర్ల చిన్న గుళిక మాత్రమే. 0.177 అంగుళం లోపు గొట్టం, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్నుకు 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. నేర్పేవారి దగ్గర, రేంజిలో నేర్చుకుంటే చాలు. ఆ గుళికలూ సీసంవే కాబట్టి చేతులు కడిగే నియమం ఇక్కడా వర్తిస్తుంది.

ఈ వ్యాసం అమెరికాలో ఉన్న మీ పిల్లలకు పంపండి. ముఖ్యంగా వీసా మీద ఉన్నవారితో ఫోనులో ఒకసారి మాట్లాడండి: నీ దగ్గర ఏముంది, ఏ కాగితం మీద ఉంది, వచ్చేటప్పుడు సంచి ఖాళీ చేశావా అని. సందేహం ఉంటే అక్కడి వలస చట్టాల వకీలును అడగమనండి. గిల్టు నగ పోతే మరొకటి కొనుక్కోవచ్చు. బిడ్డ వీసా పోతే తిరిగి రావడం అంత తేలిక కాదు.